గొంతులో చీముగడ్డ: సూదా, కత్తా, టాన్సిల్ తీసివేతా?

మామూలు గొంతునొప్పే కదా అని నాలుగు రోజులు నెట్టుకొచ్చిన మనిషికి ఐదో రోజు పొద్దున నోరు తెరుచుకోదు. పళ్ల మధ్య రెండు వేళ్లు పట్టే సందు కూడా ఉండదు. అప్పటిదాకా గొంతంతా ఉన్న నొప్పి ఒక పక్కకు చేరి, ఆ పక్క చెవిలోకి పోటుగా పాకుతుంది. ఉమ్మి మింగలేక చొంగను రుమాలుతో ఒత్తుకోవలసి వస్తుంది. మాట ముద్దగా వస్తుంది. నోట్లో వేడి ఆలుగడ్డ పెట్టుకుని మాట్లాడినట్టుంటుందని ఇంగ్లిష్ వైద్య గ్రంథాలు రాస్తాయి. పొగలు కక్కే ఇడ్లీ ముక్కను నాలుక మీద అటూ ఇటూ దొర్లిస్తూ పలికే మాటను తలచుకుంటే మనకు ఇంకా చప్పున అర్థమవుతుంది. టార్చి వేసి చూస్తే ఒక పక్క మెత్తటి అంగిలి ఎర్రగా ఉబ్బి, కొండనాలుక రెండో పక్కకు ఒరిగిపోయి కనిపిస్తుంది.

ఇది పెరిటాన్సిలర్ యాబ్సెస్, అంటే టాన్సిల్ చుట్టూ కట్టిన చీముగడ్డ. పాత పేరు క్విన్సీ. మన వైద్య కళాశాలల్లో, ఈఎన్‌టీ వార్డుల్లో ఇప్పటికీ ఆ చిన్న పేరే నలుగుతుంటుంది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్యవారికి వస్తుంది. పొగ తాగేవారిలో మరింత ఎక్కువ. అమెరికాలో 1990లలో వేసిన ఒక అంచనా ప్రకారం అక్కడ ఏటా లక్షమందిలో సుమారు 30 మందికి వచ్చేది. తెలుగు ఇళ్లలో టాన్సిల్స్‌నూ గవదబిళ్లలనూ కలగలిపి మాట్లాడే అలవాటు ఉంది కాబట్టి ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. గవదబిళ్లలు చెవి కింది లాలాజల గ్రంథులకు వైరస్ వల్ల వచ్చే వాపు. ఆ వాపులో చీము ఉండదు, సూదీ కత్తీ అక్కర్లేదు. ఈ వ్యాసం దాని గురించి కాదు.

చీము పట్టిందంటే దాన్ని బయటికి పంపాలి. ఈ మాట దగ్గర వైద్యులందరూ దాదాపు ఒక్కటే. ఎలా పంపాలన్న దగ్గరే దారులు మూడుగా చీలతాయి: సూది గుచ్చి సిరంజిలోకి లాగడం, కత్తితో గాటు పెట్టి పారించడం, చీముతో పాటు టాన్సిల్‌ను కూడా అప్పుడే తీసిపారేయడం. మూడింటితోనూ చీము పోతుంది, మూడింటితోనూ మనిషి కోలుకుంటాడు. ఏది మేలన్న తగవు మాత్రం దశాబ్దాలుగా తెగలేదు. పరిశోధనలను వరసగా పెట్టి చదివితే తెగకపోవడానికి కారణం కనిపిస్తుంది. చీము ఎంత బాగా పోయిందన్నది వాటిలో చిన్న ప్రశ్న. నొప్పి ఎప్పుడు ఎంత పడాలి, మర్నాడు మళ్లీ ఆస్పత్రికి రావాలా, మత్తు ఇవ్వాలా అన్నవే అసలు తేడాలు. వాటికి వెల కట్టేది రోగి పరిస్థితి. దానికి అన్ని ఊళ్లలో ఒకటే ధర ఉండదు.

చీము ఎక్కడ దాక్కుంటుంది

చీము టాన్సిల్‌లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది టాన్సిల్ వెనక ఉంటుంది. కమలా తొనకు పొర ఉన్నట్టే టాన్సిల్‌కు బయటి పక్క ఒక పలుచటి గట్టి పొర ఉంటుంది. ఆ పొరకూ గొంతు గోడలోని కండరానికీ మధ్య వదులైన సందు ఉంది. చీము చేరేది ఆ సందులో, అదీ ఎక్కువగా టాన్సిల్ పైకొస దగ్గర. టాన్సిల్‌లోని ఇన్‌ఫెక్షనే పొర దాటి అక్కడికి పాకుతుందన్నది పాత వివరణ. పైకొసన మెత్తటి అంగిలిలో ఉండే వెబర్ గ్రంథులనే చిన్న లాలాజల గ్రంథుల నాళాలు మూసుకుపోయి, కథ అక్కడే మొదలవుతుందన్నది తర్వాత వచ్చిన వాదం. టాన్సిల్స్ ఎప్పుడో తీయించుకున్నవారికి కూడా అరుదుగా ఈ గడ్డ రావడం రెండో వాదానికి బలం.

లక్షణాలన్నీ ఈ ఇరుకు సందు నుంచే పుడతాయి. గొంతు గోడకు అవతలే దవడను మూసే కండరం ఉంటుంది. పక్కన మంట రేగితే అది బిగుసుకుంటుంది, నోరు తెరుచుకోదు. ఆ ప్రాంతపు స్పర్శను మోసే నరానికే చెవిలోకి వెళ్లే కొమ్మ ఉంది కాబట్టి చెవి బాగానే ఉన్నా చెవిపోటు వస్తుంది. చీమును పరీక్షకు పంపితే చాలాసార్లు ఒకటికి మించి సూక్ష్మజీవులు బయటపడతాయి. గొంతునొప్పికి పేరుమోసిన స్ట్రెప్టోకాకస్ వాటిలో ఒకటి. గాలి పొడ గిట్టని ఫ్యూసోబాక్టీరియం మరొకటి. చీమును బయటికి తీసినప్పుడు గది దాటి వచ్చే దుర్వాసన ఈ రెండో రకం జీవుల పుణ్యమే. గడ్డ నడిమధ్యకు రక్తనాళాలు వెళ్లవు, కాబట్టి యాంటీబయాటిక్ కూడా అక్కడికి సరిగా చేరదు. చీము తీయడం, మందు ఇవ్వడం, ఈ రెండూ జంటగా సాగడానికి కారణం ఇదే.

ఇక అసలు భయం. మెదడుకు రక్తాన్ని తీసుకెళ్లే లోపలి కెరోటిడ్ ధమని టాన్సిల్‌కు వెనకగా, పక్కగా సుమారు 2 నుంచి 2.5 సెంటీమీటర్ల దూరంలో నడుస్తుంది. బొటనవేలు వెడల్పంత దూరం, అంతే. సూది పట్టినా కత్తి పట్టినా చేతికి హద్దు పెట్టేది ఆ ధమనే. సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో గళవిద్రధికి, అంటే గొంతులోని చీముగడ్డకు, చెప్పిన నియమం ఈ సందర్భంలో చదివితే ఒళ్లు జలదరిస్తుంది. మర్మస్థానంలో లేనిదై, బాగా పక్వమైనదై ఉంటేనే దాన్ని భేదించాలని అక్కడుంది. ప్రాణాధారమైన చోటికి దూరంగా ఉండాలి, గడ్డ పండి ఉండాలి. ఈనాటి ఈఎన్‌టీ విద్యార్థికి నేర్పే జాగ్రత్తలు కూడా మొదటగా ఈ రెండే. పండిందో లేదో, ధమని ఎంత దూరంలో ఉందో తేల్చుకునే సాధనాలే మారాయి.

సూది గుచ్చితే

రోగిని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, తల వెనక్కి జరగకుండా ఆనిస్తారు. గొంతులో మొద్దుబార్చే లిగ్నోకెయిన్ స్ప్రే కొడతారు. ఉబ్బిన చోట మత్తు ఇంజెక్షన్ కూడా ఇస్తారు గానీ వాపుతో ఆమ్లగుణం పెరిగిన కండలో ఆ మందు మామూలుగా పనిచేసినంత బాగా పనిచేయదు. పూర్తిగా మొద్దుబారుతుందని రోగికి మాట ఇవ్వకపోవడమే నిజాయితీ. 10 మిల్లీలీటర్ల సిరంజికి 18 గేజ్ సూది తగిలిస్తారు. ఇక్కడొక చిన్న చిట్కా ఉంది. సూది మీద ఉండే ప్లాస్టిక్ తొడుగు కొసను కత్తిరించి తిరిగి సూదికి తొడుగుతారు, ఒక సెంటీమీటరు మాత్రం బయటికి కనిపించేలా. ఇక చెయ్యి జారినా, రోగి ఉలిక్కిపడినా సూది అంతకు మించి దిగదు. రెండు సెంటీమీటర్ల అవతలున్న ధమనికి కాపలా కాసేది రూపాయి ఖరీదు చేయని ఆ ప్లాస్టిక్ ముక్కే.

ఉబ్బు ఎక్కువగా ఉన్న పైభాగంలో మొదట గుచ్చుతారు. సూదిని ముందు నుంచి వెనక్కి నేరుగా పంపాలి, చెంప వైపు తిప్పకూడదు. పిస్టన్ లాగుతుండగా సిరంజిలోకి పసుపుపచ్చగా, ఒక్కోసారి నెత్తుటి చారతో చీము ఎక్కుతుంది. అది చాలాసార్లు అయిదారు మిల్లీలీటర్లకు మించదు, ఒక చెంచాడు. అంత కొద్దిపాటి ద్రవం మనిషిని అంతగా కుంగదీసిందా అనిపిస్తుంది. పైన ఏమీ రాకపోతే కొంచెం కిందికి, అక్కడా రాకపోతే ఇంకొంచెం కిందికి ప్రయత్నిస్తారు. చీము వచ్చినవారిలో చాలామందికి నిమిషాల్లోనే నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది; అరగంటలో మంచినీళ్లు గుటక వేయగలుగుతారు.

సూదికున్న గొప్ప గుణం చికిత్స ఒక్కటే కాదు, అదే పరీక్ష కూడా. గొంతులో అలాగే కనిపించే వాపులన్నిటిలో చీము ఉండదు. చీము కట్టకముందు దశలో కండ వాచి గట్టిపడి మాత్రమే ఉంటుంది; అక్కడ కత్తి పెడితే నెత్తురు తప్ప ఏమీ రాదు. కంటికి కనిపించని గొంతు జబ్బులన్నిటినీ ఒక పేరు కింద తోసేసిన రోజులు ఒకప్పుడు ఉండేవి. 1799 డిసెంబర్ 14న అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ గొంతు వాపుతో ఒక్క రోజులో చనిపోయినప్పుడు వైద్యులు మొదట అనుకున్నది క్విన్సీ అనే. ఆ రోజంతా పదేపదే నెత్తురు తీశారు. శ్వాసనాళానికి రంధ్రం పెడదామని ముగ్గురు వైద్యుల్లో చిన్నవాడైన ఎలీషా డిక్ అన్న మాటను మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. అది శ్వాసనాళం ముఖద్వారంలోని మూత వాచిన జబ్బు అయి ఉంటుందన్నది ఇప్పుడు ఎక్కువమంది వైద్య చరిత్రకారుల అభిప్రాయం. ఆ జబ్బులో చీము తీయడానికేమీ ఉండదు, గాలికి దారి ఇవ్వడమే చికిత్స. ఏ గొంతులో ఏముందో ముందుగా తేల్చుకోవడం విలువ అంతటిది.

సూదికి ఉన్న లోటు కూడా దాని సన్నదనంలోనే ఉంది. గడ్డ లోపల గదులు గదులుగా ఉంటే ఒక గది ఖాళీ అవుతుంది, పక్క గది మిగిలిపోతుంది. చిక్కటి చీము సూదిలో ఇరుక్కుంటుంది. చీము రాలేదంటే లేదని కాదు, సూది దాన్ని తప్పి ఉండొచ్చు. పైగా సూది బయటికి రాగానే ఆ రంధ్రం మూసుకుపోతుంది. రాత్రికి చీము మళ్లీ ఊరితే దానికి బయటికి దారి లేదు.

గాటు పెడితే

కత్తి పద్ధతి ఈ లోటును సూటిగా తీరుస్తుంది. బ్లేడుకు కూడా సూదికి చేసినట్టే కట్టుదిట్టం చేస్తారు, కొస ఒక సెంటీమీటరు తప్ప మిగతాదంతా టేపుతో చుట్టేసి. అంగిలి ఉబ్బెత్తుగా ఉన్న చోట చిన్న గాటు పెట్టి, మొన మొద్దుగా ఉండే ఫోర్సెప్స్‌ను, అంటే పట్టకారు లాంటి పరికరాన్ని, లోపలికి పోనిచ్చి మెల్లగా తెరుస్తారు. లోపలి గదుల మధ్య గోడలు విడిపోతాయి. చీము ఒక్కసారిగా నోట్లోకి వస్తుంది. రోగి వెంటనే తల ముందుకు వంచి ఉమ్మేయాలి, పక్కనే సక్షన్ గొట్టం సిద్ధంగా ఉండాలి, లేకపోతే అది శ్వాసనాళంలోకి జారే ప్రమాదం ఉంది. తర్వాత గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించమంటారు. మర్నాడు గాటు అంచులు అతుక్కుపోతే ఫోర్సెప్స్‌తో మళ్లీ విడదీసే అలవాటు కూడా చాలా చోట్ల ఉంది.

దారి తెరిచే ఉంటుంది కాబట్టి చీము మళ్లీ చేరడం తక్కువ. బదులుగా ఆ కొద్ది నిమిషాల నొప్పి ఎక్కువ, నెత్తురు కొంచెం ఎక్కువ, చేసేవాడి చేతికి అనుభవమూ ఎక్కువే కావాలి. నోరు పూర్తిగా బిగుసుకుపోయిన మనిషికి ఫోర్సెప్స్ తెరవడానికి జాగా కూడా చిక్కదు. సూదికి అంత జాగా అక్కర్లేదు.

మరి లెక్కలు ఏమంటున్నాయి? ఈ రెండు పద్ధతులనూ నేరుగా పోల్చిన పరిశోధనలన్నిటినీ ఏరి 2016లో వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ ఒక సమీక్ష వెలువరించింది. అందులో 11 అధ్యయనాలు, మొత్తం 674 మంది రోగులు. గాటు పెట్టినవారితో పోలిస్తే సూదితో లాగినవారికి రెండోసారి చికిత్స అవసరమయ్యే అవకాశం 3.74 రెట్లు అని తేలింది. ఆ ఒక్క అంకెను పట్టుకుని కత్తి గెలిచిందని తీర్పు చెప్పేయడం సులువు. కొంచెం ఆగి చదవాలి.

మొదటిది, రెట్లు అన్న మాట భయపెట్టినంతగా మనుషుల సంఖ్య భయపెట్టదు. ఉదాహరణకు, గాటు పెట్టిన నూరుమందిలో ముగ్గురికి రెండోసారి అవసరమైందనుకుంటే, సూది వాడిన నూరుమందిలో ఆ సంఖ్య సుమారు 11. అంటే మిగతా 89 మందికి ఒక్క సూదితోనే పని అయిపోయింది, వారెవరికీ గాటు అవసరం పడలేదు. రెండోది, ఆ 3.74కు ఇటూ అటూ ఉన్న పొరపాటు హద్దులు 1.63, 8.59. తేడా ఉందని నమ్మవచ్చు గానీ ఆ తేడా కొద్దిపాటిదా చాలా పెద్దదా అని చెప్పలేనంత వెడల్పు అది. మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆ సమీక్ష వాడిన తిరగబెట్టడం అన్న మాటకు జబ్బు ఏడాదికో రెండేళ్లకో మళ్లీ రావడం అని అర్థం కాదు. మళ్లీ చీము తీయవలసి రావడమే ఆ సమీక్షకు కొలత. సూది పద్ధతిని నమ్మేవారిలో చాలామంది మర్నాడు మరోసారి చూసి, ఉంటే మళ్లీ లాగుదామన్న ఉద్దేశంతోనే మొదలుపెడతారు. రెండో విడతను వారు ఓటమిగా చూడరు, పద్ధతిలో భాగంగా చూస్తారు. తగవులో సగం ఈ ఒక్క మాట అర్థం దగ్గరే ఉంది.

సమీక్షకులే తమ ఆధారాల నాణ్యతను అట్టడుగు తరగతిలో వేశారు. అధ్యయనాలు చిన్నవి, ఎవరికి ఏ చికిత్స అన్నది రోగికీ తెలుసు, వైద్యుడికీ తెలుసు, కాబట్టి నొప్పి కొలతల్లో పక్షపాతం దూరకుండా ఆపలేరు. సూదితో నొప్పి తక్కువన్న ఫలితం కూడా ఈ బలహీనమైన పునాది మీద నిలిచిందే. అయినా దాన్ని నమ్మడానికి ఎవరికీ పెద్దగా కష్టం ఉండదు, బ్లేడును ఎదురుగా చూసినవారికి మరీను. ఇంత సాధారణమైన జబ్బుకు, ఇంత చవకైన రెండు చికిత్సలకు మధ్య ఇప్పటికీ గట్టి పోలిక లేకపోవడం ఆశ్చర్యమే. సూదీ బ్లేడూ అమ్మేవాడికి లాభం రాదు కాబట్టి పెద్ద ప్రయోగానికి డబ్బు పెట్టేవారు లేరని అనుమానించడంలో తప్పులేదు.

టాన్సిల్‌నే తీసేస్తే

గడ్డకు గోడగా ఉన్నదే టాన్సిల్ అయినప్పుడు దాన్నే తీసేస్తే చీముతో పాటు మళ్లీ వచ్చే భయమూ పోతుంది కదా అన్నది మూడో దారి తర్కం. 1859లో ఫ్రాన్స్‌లో షసేన్యాక్ అనే శస్త్రవైద్యుడు ఇలా చేశాడని వైద్య చరిత్ర చెబుతుంది. జబ్బు వేడి మీద ఉండగానే చేసేది కాబట్టి దీనికి హాట్ టాన్సిలెక్టమీ అన్న పేరు స్థిరపడింది. జర్మనీ, డెన్మార్క్ వంటి దేశాల్లో చాలాకాలం ఇది మామూలు చికిత్సగా సాగింది. బ్రిటన్‌లో సూది, గాటు వైపే మొగ్గు. ఒకే జబ్బు, ఒకే గొంతు. సరిహద్దు దాటితే చికిత్స మారిపోతుంది. ఆధారాలు బలహీనంగా ఉన్న చోట ఆ ఖాళీని అలవాటు నింపుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

తెలుగులో కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఉంది. ఈ జబ్బులో కొండనాలుక నిజంగానే పక్కకు ఒరిగి ఉంటుంది కాబట్టి సామెత ఇక్కడ మరీ అతికినట్టు సరిపోతుంది. టాన్సిల్ తీయాలంటే పూర్తి మత్తు ఇవ్వాలి. నోరు తెరుచుకోని మనిషికి, గొంతు వాచిపోయిన మనిషికి శ్వాసగొట్టం వేయడం మత్తు వైద్యులకు పరీక్షే. గొట్టం తగిలి గడ్డ పగిలితే చీము ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఆపరేషన్ తర్వాత పది పద్నాలుగు రోజుల గొంతునొప్పి. నూటికి కొద్దిమందికే అయినా, ఇంటికి వెళ్లిన వారం రోజులకు గొంతులోంచి రక్తం కారి మళ్లీ పరుగెత్తవలసి రావడం ఈ శస్త్రచికిత్సకు ఎప్పుడూ ఉన్న ముప్పు. వాచి ఉన్నప్పుడు తీస్తే రక్తస్రావం చాలా ఎక్కువని పాత పాఠ్యగ్రంథాలు భయపెట్టేవి; తర్వాతి అనుభవాలు ఆ భయాన్ని చాలావరకు తగ్గించాయి. పైగా చీము అప్పటికే టాన్సిల్ పొరను గోడ నుంచి విడదీసి ఉంటుంది కాబట్టి ఆ పక్క తీయడం సులువంటారు చేసేవారు.

అసలు ప్రశ్న వేరే చోట ఉంది. చీము తీయించుకున్నవారిలో మళ్లీ ఈ జబ్బు వచ్చేది సుమారు నూటికి 10 నుంచి 15 మందికి. ఆ పదిహేను మంది కోసం మిగతా ఎనభై అయిదు మంది టాన్సిల్స్ కూడా తీయాలా? గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్నదే ఎక్కువమంది వైద్యుల జవాబు. అందరికీ ఆ జవాబు వర్తించదు. చిన్నపిల్లలు మెలకువగా ఉండి నోరు తెరిచి సూది పొడిపించుకోరు. వారికి ఎలాగూ మత్తు తప్పనప్పుడు, అంతకుముందు నుంచే టాన్సిల్స్ తరచూ వాస్తున్నప్పుడు, ఆ మత్తులోనే తీసేయడం అర్థవంతమైన బేరం. సూదికీ గాటుకీ లొంగని గడ్డకు, మెడ లోతుల్లోకి పాకుతున్న గడ్డకు కూడా అంతే.

అసలు తీయకుండా

ఈమధ్య నాలుగో దారి కూడా తెరుచుకుంది: చీము తీయకుండానే యాంటీబయాటిక్, స్టెరాయిడ్, సెలైన్‌తో సరిపెట్టడం. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటె ఆస్పత్రుల రోగుల మీద 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో ఇలా మందులతోనే చూసినవారు, చీము తీయించుకున్నవారితో దాదాపు సమానంగా కోలుకున్నారు. పైగా వారికి గట్టి నొప్పి మందుల అవసరమూ, పని మానుకున్న రోజులూ తక్కువ. అయితే చీటీ వేసి రెండు జట్లుగా విడదీసిన పరిశోధన కాదది. చిన్న గడ్డ, నోరు కాస్త తెరుచుకునే మనిషి, నీళ్లు తాగగలిగే మనిషి మందుల వైపు వెళ్లి ఉంటారు. మరీ బాధపడుతున్నవారు సూది దగ్గరికి చేరి ఉంటారు. ఫలితాలను ఆ మెలికతోనే చదవాలి. స్టెరాయిడ్ సంగతి వేరు. చీము తీశాక ఒక్క మోతాదు ఇస్తే మొదటి రోజు నొప్పి, నోరు బిగుసుకోవడం త్వరగా తగ్గుతాయని చిన్న అధ్యయనాలు కొన్ని చూపాయి. మధుమేహం ఉన్నవారిలో అదే మోతాదు చక్కెరను పెంచుతుంది, కాబట్టి అక్కడ చెయ్యి ఆలోచించి కదలాలి.

సూదికి కళ్లు ఇచ్చే ప్రయత్నం కూడా జరుగుతోంది. నోట్లోకి పట్టే సన్నటి అల్ట్రాసౌండ్ ప్రోబుతో ముందుగా చూస్తే చీము ఉందో లేదో, ఎంత లోతులో ఉందో, ధమని ఎక్కడ కొట్టుకుంటోందో తెర మీదే కనిపిస్తుంది. 2012లో అమెరికాలో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో 28 మందిని రెండు జట్లు చేశారు. అల్ట్రాసౌండ్ వాడిన 14 మందిలో అందరికీ రోగ నిర్ధారణ సరిపోయింది. కంటి అంచనాతోనే చూసిన 14 మందిలో 9 మందికే సరిపోయింది. సంఖ్య చిన్నదే అయినా దిశ స్పష్టం. సీటీ స్కాన్‌తో ఇంకా లోతుగా చూడవచ్చు గానీ ప్రతి క్విన్సీకీ సీటీ తీయించడం ఖర్చు, రేడియేషన్ రెండూ దండగ. మెడ బయటికి వాచినా, నోరు ఏమాత్రం తెరుచుకోకపోయినా, సూదికి ఏమీ రాకున్నా మనిషి కుంగిపోతున్నా అప్పుడు అడగాలి.

ఎవరికి ఏది

హైదరాబాద్‌లోని కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి, విశాఖపట్నంలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి వంటి చోట్ల మూడు దారులకూ చేతులు ఉంటాయి. మారుమూల మండలం నుంచి అర్ధరాత్రి జిల్లా కేంద్రానికి వచ్చిన మనిషి లెక్క వేరు. అక్కడ డ్యూటీలో ఉన్న వైద్యుడికి ఎప్పుడూ సిద్ధంగా దొరికేది సిరంజి, సూది. చీము లాగి, ఊపిరి తేలిక చేసి, మందు మొదలుపెట్టి, అవసరమైతే పెద్ద ఆస్పత్రికి పంపడం ఆ సమయానికి చేయగలిగిన అన్నిటికన్నా భద్రమైన పని. అదే రోగి మర్నాడు తిరిగి రాలేడని తెలిస్తే, అంటే బస్సు చార్జీకీ కూలికీ మధ్య లెక్క వేసుకునే మనిషైతే, సూది లాభం తలకిందులవుతుంది. మర్నాడు చూద్దామన్న మాట మీదే సూది పద్ధతి నిలబడింది. ఆ మర్నాడు లేనివారికి అనుభవమున్న చేతితో ఒక్కసారే గాటు పెట్టడమో, రెండు రోజులు వార్డులో ఉంచుకోవడమో మేలు. పోలిక పట్టికల్లో ఈ బస్సు చార్జీకి గడి ఉండదు.

ఏ పద్ధతిలో తీసినా ఇంటికి వెళ్లాక కొన్ని సంకేతాలను తేలిగ్గా తీసుకోకూడదు. ఊపిరి పీల్చేటప్పుడు ఈలలాంటి శబ్దం వచ్చినా, చొంగ మళ్లీ మొదలైనా, మెడ బిగుసుకుని ఒక పక్క వాచినా, చలితో వణుకుతూ జ్వరం తిరగబెట్టినా తెల్లవారేదాకా ఆగకూడదు. చీము మెడ లోతు పొరల్లోకి, అక్కడి నుంచి రొమ్ము ఎముక వెనక్కి జారగలదు. ఫ్యూసోబాక్టీరియం మెడలోని పెద్ద సిరలో రక్తాన్ని గడ్డ కట్టించి, చీము తునకలను ఊపిరితిత్తులకు విసిరే జబ్బును 1936లో ఫ్రెంచి వైద్యుడు ఆంద్రె లెమియేర్ విపులంగా వర్ణించాడు. ఇది అరుదు గానీ పడుచువాళ్ల మీదికే ఎక్కువగా వస్తుంది.

చీము పోయిన నాలుగు నుంచి ఆరు వారాలకు, వాపంతా చల్లారాక, టాన్సిల్స్ తీయించుకోవాలని మన పాఠ్యగ్రంథాలు చాలాకాలం అందరికీ ఒకే మందుగా రాశాయి. ఇప్పుడు ఆ మాట కొంచెం నెమ్మదించింది. ఆరు వారాల తర్వాత ఓపీలో కూర్చున్న మనిషికి నొప్పి ఉండదు, నోరు బాగా తెరుచుకుంటుంది, ఆపరేషన్ మాట ఎత్తితే ముఖం ముడుచుకుంటుంది. అప్పుడు వైద్యుడు అడగవలసింది పాత లెక్క: ఇంతకుముందు క్విన్సీ వచ్చిందా, గడిచిన ఏడాదిలో ఎన్నిసార్లు గొంతు వాచి మంచం పట్టారు, అంతకుముందు ఏడాది ఎన్నిసార్లు? నలభై ఏళ్లలోపు వయసు, తరచూ టాన్సిల్స్ వాచిన చరిత్ర, రెండోసారి చీము, ఇవి కలిసినవారికి తీయించుకోవడం వైపు త్రాసు మొగ్గుతుంది. మొదటిసారే వచ్చి, అంతకుముందు గొంతు జోలి ఎరగనివారికి పుక్కిలింతల గ్లాసు పక్కన పెట్టి, సిగరెట్ పెట్టె కూడా పక్కన పెట్టి, పనికి వెళ్లిపోవచ్చు.